చెమటకు ఏ స్ట్రెయిటెనింగ్ నిలుస్తుంది? నల్లగొండ, పాలమూరు పార్లర్ సేవలపై రివ్యూ

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా కాస్త పెద్ద పార్లర్ రేట్ల పట్టిక చూస్తే దాదాపు ఇవే పేర్లుంటాయి: ఐరనింగ్, స్మూతెనింగ్, రీబాండింగ్, కెరటిన్, హెయిర్ బొటాక్స్. మొదటిది వందల్లో, మిగతావి వేలల్లో. ఎన్ని నెలలు నిలుస్తుందో కౌంటర్ దగ్గర గడగడా చెప్తారు. రోజూ చెమట పట్టే తలమీద ఎన్నాళ్లుంటుందని అడిగితే మాత్రం "ఏం కాదు మేడం" అన్నదే జవాబు. అవుతుంది. ఏది ఎంత అవుతుందన్నదే ఈ రివ్యూ. ఇది రింగుల జుట్టో, గట్టి ఉంగరాల జుట్టో ఉండి, దాన్ని సాపుగా ఉంచుకోవాలనుకుంటూ, వారంలో నాలుగైదు రోజులు గ్రౌండ్‌లో నడకో, జిమ్మో, జుంబానో చేసేవాళ్లకు. వ్యాయామం చేయనివాళ్లకైతే ఈ మార్కులు వేరుగా ఉండేవి.

తీర్పు ముందే చెప్పేస్తాం. వ్యాయామం చేసేవాళ్లకు అన్నిటికంటే చవకైన ఐరనింగే మొదటి మార్కు, పద్ధతిగా చేస్తేనే సుమా. స్మూతెనింగ్, రీబాండింగ్ రెండోవి, అవీ కొందరికే. కెరటిన్, బొటాక్స్ ఈ పనికి దండుగ.

ఎందుకో తెలియాలంటే వెంట్రుక సంగతి కొంచెం తెలియాలి. వెంట్రుకలో ఉండేది కెరటిన్ అనే ప్రొటీన్. దాని పోగులను పట్టి ఉంచే బంధాల్లో మనకు కావలసినవి రెండు రకాలు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. తడి తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కుదురుకుంటాయి. ఐరన్ మార్చేది వీటినే. రెండో రకం డైసల్ఫైడ్ బంధాలు. పుట్టు రింగును కాపాడేవి ఎక్కువగా ఇవే. నీళ్లకు, మామూలు వేడికి లొంగవు, మందు పడాల్సిందే. స్మూతెనింగ్, రీబాండింగ్ క్రీములు విడగొట్టేది వీటిని.

దీన్నిబట్టి పనికొచ్చే మాట ఒకటి తేలుతుంది. ఐరన్ చేసిన జుట్టును చెడగొట్టేది చెమట పట్టడం ఒక్కటే కాదు, ఆ చెమట ఎలా ఆరిందన్నది కూడా. తడిసిన కుదుళ్లు చదునుగా, అణిగి ఉండగా ఆరితే చాలావరకు సాపుగానే ఉంటాయి. చెమట తడి మీదే జడ విప్పి, వేళ్లతో దులిపి, గాలికి వదిలేస్తే పావుగంటలో రింగు తిరుగుతుంది. చాలామంది చేసేది ఈ రెండోదే. ఆ తర్వాత పార్లర్ మీద కోపం.

ఈ విద్యలో చెయ్యి తిరిగినవాళ్లు అమెరికాలోని నల్లజాతి మహిళలు. వాళ్ల వెంట్రుక అడ్డకోతలో గుండ్రంగా కాక నొక్కినట్టు చదునుగా ఉంటుంది, రింగులు చాలా బిగువు, తేమ తగిలితే చటుక్కున ముడుచుకుంటుంది. మందు లేకుండా బ్లో డ్రయర్, ఫ్లాట్ ఐరన్‌లతోనే పట్టులా సాపు చేయడాన్ని వాళ్లు సిల్క్ ప్రెస్ అంటారు. దానికి ముందు తరాలది నిప్పు మీద కాల్చిన ఇనుప దువ్వెన. 20వ శతాబ్దం మొదట్లో జుట్టు సరుకులమ్మే నల్లజాతి వ్యాపారి మేడమ్ సి.జె. వాకర్ తన వ్యాపారంతో దానికి ప్రచారం తెచ్చింది. కనిపెట్టింది ఆమేనని రాస్తుంటారు, అది తప్పు. ఈ జుట్టు చెడిపోతుందన్న బెంగ చిన్నదేం కాదు. 2011లో అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యంపై ఆ ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్, రెజీనా బెంజమిన్ అట్లాంటాలోని ఒక పెద్ద హెయిర్ షోకు వెళ్లి మరీ, జుట్టు కోసం వ్యాయామం మానొద్దని చెప్పాల్సి వచ్చింది. 2013లో అచ్చయిన ఒక చర్మవైద్య అధ్యయనంలో 103 మంది ఆఫ్రికన్ అమెరికన్ మహిళలను అడిగితే దాదాపు 40 శాతం మంది జుట్టు మూలంగా వ్యాయామం తప్పించుకుంటున్నామన్నారు. మన దగ్గర ఎవరూ లెక్క తీయలేదు గానీ, పెండ్లి వారంలో జిమ్‌లు ఎందుకు ఖాళీ అవుతాయో జిమ్ ట్రైనర్లను అడగండి.

ఇక ఐరనింగ్ సేవ. కుర్చీలో కూర్చున్నాక చూడాల్సినవి ఇవి.

మొదట తలస్నానం, అదీ నూనె పూర్తిగా పోయేలా. నూనె తలతో వెళ్లి "పైపైన ఐరన్ కొట్టండి" అంటే పొగ వస్తుంది, వెంట్రుక అట్టకడుతుంది, సాయంత్రానికల్లా జిడ్డుగా వేలాడుతుంది. కొబ్బరినూనె పెట్టుకునే అలవాటుంటే ముందురోజు రాత్రి పెట్టండి, రెండుసార్లు షాంపూ చేయమనండి. మన దగ్గర దీనికి తోడు బోరు నీళ్ల బాధ. నల్లగొండ నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్‌ను తిడతారు. జుట్టు బిరుసెక్కడానికి కారణం అది కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. షాంపూ నురగ రాకపోవడం, ఆరాక జుట్టు చేతికి పీచులా తగలడం వాటి గుర్తులు. ఆ పొర మీద ఐరన్ జారదు, పట్టుకుని లాగుతుంది. దాంతో అమ్మాయి ఒకే పాయ మీద నాలుగైదుసార్లు దువ్వుతుంది, జుట్టు కాలుతుంది. బోరు నీళ్లతో కడిగే పార్లర్‌లో చివరి కడుగు రెండు మగ్గుల ఫిల్టర్ నీళ్లతో చేయమని అడగండి, ఇస్తారు. ఇంట్లోనైతే మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టిపెట్టుకుంటే చాలు. నెలకోసారి ఇడిటిఎ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టి వదిలించే రసాయనం) ఉన్న క్లారిఫయింగ్ షాంపూ వాడితే పేరుకున్నది పోతుంది. సీసా వెనక పదార్థాల జాబితాలో డైసోడియం ఇడిటిఎ గానీ టెట్రాసోడియం ఇడిటిఎ గానీ ఉండాలి.

తర్వాత హీట్ ప్రొటెక్టెంట్, అంటే వేడి నుంచి జుట్టును కాపాడే స్ప్రే. తడి జుట్టు మీద కొట్టి, దువ్వి, బ్లో డ్రయర్‌తో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ పూర్తిగా అన్న చోటే పార్లర్లు ఎక్కువగా తప్పు చేస్తాయి. బయటికి ఆరినట్టుండి లోపల తేమ ఉన్న పాయ మీద ఐరన్ పెడితే సుయ్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినగానే ఆపమనండి. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై వెంట్రుకలో బుడగలు పుడతాయి, అక్కడే అది తెగుతుంది. పైగా సగం ఆరిన కుదుళ్లు అప్పటికే సగం రింగు తిరిగి ఉంటాయి కాబట్టి అలాంటి ఐరనింగ్ మొదటి వ్యాయామానికే పోతుంది.

పాయ వెడల్పు ఒక అంగుళం, మందం అవతలి దువ్వెన కనిపించేంత పలచన. ముందు సన్నపళ్ల దువ్వెన, దాని వెనకే ఐరన్, రెండూ కలిసి కుదుళ్ల నుంచి కొసల దాకా ఒకే నెమ్మది ఊపులో రావాలి. ఇలా ఒకసారి, మహా అయితే రెండుసార్లు. హడావుడిగా ఐదుసార్లు దువ్వడం కంటే ఇది జుట్టుకూ మంచిది, ఎక్కువా నిలుస్తుంది. వేడి విషయానికొస్తే సన్న వెంట్రుకకు, రంగు వేసిన జుట్టుకు 150 నుంచి 170 డిగ్రీలు, మామూలు రింగులకు 180 నుంచి 190, బాగా బిరుసైన బిగువు రింగులకు 200. ఐరన్ మీద 230 అని ఉంటుంది, దాని జోలికి పోకండి. ఆ వేడి దగ్గర వెంట్రుక ప్రొటీనే చెడిపోతుంది, కడిగినా రింగు తిరిగి రాదు. సాపుగా ఉండిపోయింది కదా అని సంబరపడేవాళ్లుంటారు. అది సాపు కాదు, కాలిన జుట్టు. అంకెలు చూపని, ఎర్రలైటు మాత్రమే వెలిగే ఐరన్ వాడే పార్లర్‌కు రెండోసారి వెళ్లనక్కర్లేదు.

వ్యాయామానికి ముఖ్యమైనవి నుదుటి అంచు, కణతలు, మెడ వెనక. చెమట మొదట పట్టేది అక్కడే. ఈ మూడు చోట్లా పాయలు ఇంకా సన్నగా తీసి, ఐరన్‌ను తల చర్మానికి ఓ సెంటీమీటరు ఎడంగా ఉంచి, అణిగే దిశలో చేయమనండి. ఒడుపుగా చేయించుకుంటే వారం లెక్క. పైపైన చేస్తే రెండు రోజులు.

చేయించుకునే రోజు కూడా ఎంచుకోవాలి. వారంలో అన్నిటికంటే ఎక్కువ చెమట పట్టించే క్లాసు, అంటే జుంబానో పరుగో, తలస్నానానికి ముందురోజు పడేలా చూసుకోండి. తర్వాతి రోజు విశ్రాంతి, ఆ రోజే తలంటు, ఐరనింగ్. ఆ వెనక రెండు రోజులు బరువులెత్తడం, తర్వాత నడక, చివర్లో మళ్లీ జుంబా. మొదటి రెండు రోజులు తక్కువ తడిస్తే ఆ వారమంతా జుట్టు మాట వింటుంది. చాలామంది పార్లర్ నుంచి వచ్చిన మర్నాడే కార్డియోకు పోయి, డబ్బులు పోయాయని ఏడుస్తారు.

వ్యాయామం రోజు జుట్టును రెండు వదులు జడలుగా గానీ, నడినెత్తిన ఒక వదులు కొప్పుగా గానీ పెట్టండి. మెడ మీద కొప్పు పెడితే అక్కడి చెమటంతా అదే పీలుస్తుంది. రబ్బరు బ్యాండు మడత గుర్తు పెడుతుంది, బట్ట స్క్రంచీ మేలు. నుదుటికి టవల్ బట్ట బ్యాండు, 5 సెంటీమీటర్ల వెడల్పుది, సగం నుదుటి మీద, సగం వెంట్రుకల అంచు మీద ఉండాలి. మెడ వెనకా అదే అంచును కప్పాలి. మెరిసే నైలాన్ బ్యాండ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ చెమటను పీల్చవు, పక్కలకు తోస్తాయి. గంటకు మించిన వ్యాయామమైతే సంచీలో రెండోది పెట్టుకుని సగంలో మార్చండి. బ్యాండు బిగించి కట్టొద్దు. నెలల తరబడి కణతల దగ్గర లాగుడు పడితే అంచు పలచబడుతుంది, అది తిరిగి రావడం కష్టం.

అయిపోయాక ఏదీ విప్పొద్దు. నూలు తువ్వాలుతో కుదుళ్ల మీద అద్దండి, రుద్దకండి. బ్యాండు మీదే శాటిన్ స్కార్ఫ్ బిగువుగా చుట్టి ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు కూర్చోండి, లేదా బ్లో డ్రయర్ చల్లగాలి మీద పెట్టి స్కార్ఫ్ పైనుంచే కుదుళ్లకు పట్టించండి. వేలు లోపలికి పెట్టి చూస్తే తడి తగలకూడదు. అప్పుడు విప్పి, పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి. అప్పటికీ కుదుళ్లు లేచి ఉంటే బ్రష్‌తో లాగి పట్టి గోరువెచ్చని బ్లో డ్రయర్ గాలి. ఐరన్ మాత్రం వద్దు. చెమట ఉప్పు ఉన్న వెంట్రుకను మళ్లీ మళ్లీ కాల్చడమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం.

ఇవన్నీ జిమ్‌లో బుద్ధిగా చేసి, ఇంకా తడి ఆరకముందే ముఖానికి చున్నీ కట్టి, పైన హెల్మెట్ పెట్టి స్కూటీ ఎక్కితే అంతా పోయినట్టే. హెల్మెట్ లోపల ఆవిరి తప్ప ఏముంటుంది? ఎండకు చున్నీ తప్పదు కాబట్టి దాని కింద పలచని శాటిన్ టోపీ వేసుకోండి. నూలు చున్నీ రాపిడికి ఐరన్ చేసిన జుట్టు పీచులా లేస్తుంది, శాటిన్ మీద జారుతుంది. రాత్రి దిండుకూ ఇదే సూత్రం.

కాలం సంగతీ చూడాలి. వింతగా ఉంటుంది గానీ ఏప్రిల్, మేలలో 43 డిగ్రీల ఎండలోకంటే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ఐరనింగ్ త్వరగా పోతుంది. ఎండాకాలం మన గాలి పొడి, చెమట చప్పున ఆరుతుంది. వానల్లో గాలిలోనే తేమ, కుదుళ్లు గంటైనా ఆరవు. ఆ నెలల్లో కొసలకు సిలికాన్ సీరం రెండు చుక్కలు రాసుకుంటే తేమ కొంత ఆగుతుంది. సాపు జుట్టు కోసం పట్టుబట్టకుండా జడ వేసుకోవడమే ఆ రెండు నెలలకు సుఖం.

డ్రై షాంపూ గురించి చాలామంది అడుగుతారు. చెమట పట్టాక కొడితే తడిలో ముద్దకడుతుంది. వ్యాయామానికి ముందు, పొడి కుదుళ్ల మీద, అడుగు దూరం నుంచి కొద్దిగా కొడితే జిడ్డును పీలుస్తుంది, అంతే. అది తలస్నానానికి బదులు కాదు. ఐరనింగ్ పోతుందని పది పదిహేను రోజులు తల కడగకుండా ఉంటే చుండ్రు, దురద, కుదుళ్ల దగ్గర చిన్న చిన్న పొక్కులు తప్పవు. వారానికి ఒకసారి తప్పనిసరి. నాలుగు రోజులు గట్టిగా చెమట పట్టేవాళ్లకు రెండుసార్లయితే ఇంకా మంచిది. రెండోసారి కడిగాక ఐరన్ చేయకండి, బ్లో డ్రయర్‌తో సరిపెట్టుకోండి.

స్మూతెనింగ్, రీబాండింగ్‌లకు వద్దాం. వాడే మందు ఎక్కువగా అమ్మోనియం థయోగ్లైకొలేట్, ఘాటు వాసన దాని గుర్తు. అది డైసల్ఫైడ్ బంధాలను విడగొడుతుంది. కడిగి, ఆరబెట్టి, ఐరన్‌తో సాపు చేసి, న్యూట్రలైజర్ పూస్తే ఆ ఆకారంలో మళ్లీ అతుక్కుంటాయి. ఈ పని సరిగా జరిగిన భాగం చెమటకు తిరగబడదు. అందుకే ఐదింటికి మూడు నక్షత్రాలు. మిగతా రెండు ఎందుకు కోశామంటే, నెలకు సెంటీమీటరుకు పైగా కొత్త జుట్టు పాత రింగుతోనే వస్తుంది. మూడో నెలకు కుదుళ్ల దగ్గర రింగు, కింద గీత గీసినట్టు సాపు. చెమట పట్టేది సరిగ్గా ఆ కుదుళ్లకే. రెండు రకాల వెంట్రుక కలిసేచోటే ఎక్కువ తెగుతుంది. టచప్‌కు వెళ్తే మందు కొత్త జుట్టుకే పూయాలి, పాతదాని మీద మళ్లీ పూస్తే తునిగిపోతుంది. తొందరలో తలంతా పూసే పార్లర్లు లేకపోలేదు. చేయించుకున్నాక సాధారణంగా మూడు రోజులు తడపొద్దు, కట్టొద్దు, చెవి వెనక్కి కూడా దోపొద్దు అంటారు. అంటే ఆ మూడు రోజులు జిమ్ బంద్. బుకింగ్ అప్పుడే దాన్ని లెక్కలో వేసుకోండి.

పౌడర్ మెహందీ అని అమ్మే నల్లరంగులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. కొన్నిటిలో లోహ లవణాలుంటాయి, న్యూట్రలైజర్‌లోని పెరాక్సైడ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి తెగుతుంది. విదేశంలో ఉండగా రిలాక్సర్ (బిగువు రింగులను సాపు చేసే మందు) చేయించుకున్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. నల్లజాతి మహిళలు వాడే రిలాక్సర్లు ఎక్కువగా హైడ్రాక్సైడ్ మందులు. పైన చెప్పిన థయోగ్లైకొలేట్ మందుకూ వాటికీ పడదు. ఒకదాని మీద ఒకటి పడితే జుట్టు చేతికొస్తుంది. ఆ రిలాక్సర్ల విషయంలో ఇంకో మాటా వినపడుతోంది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం, స్ట్రెయిటెనింగ్ మందులు ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడిన ఆడవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని చెప్పింది. 70 ఏళ్ల వయసు వచ్చేసరికి వాడనివాళ్లలో 1.64 శాతం, ఎక్కువగా వాడినవాళ్లలో 4.05 శాతం అని అంచనా. మందే కారణమని అది తేల్చలేదు, సంబంధం ఉందని చూపింది.

కెరటిన్, బొటాక్స్ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. బొటాక్స్ అన్న పేరే గానీ ముఖం మీద పొడిచే ఆ మందు ఇందులో ఉండదు. కెరటిన్ వెంట్రుకకు పూత వేసి ఉబ్బు తగ్గిస్తుంది, గట్టి రింగును పూర్తిగా సాపు చేయదు. మాటిమాటికి తల కడిగితే పూత త్వరగా అరిగిపోతుంది, చెమట పట్టేవాళ్లు కడగకుండా ఉండలేరు. ఆరునెలలని చెప్పి అమ్మింది రెండు మూడు నెలలకే వదిలేస్తుంది. పైగా పాత రకాల్లో ఫార్మాల్డిహైడ్. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో ఎప్పుడో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని రాసున్న కొత్త రకాల్లో తరచూ గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది, దానితో చేయించుకున్నాక మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను 2024లో వైద్య పత్రికలు నమోదు చేశాయి. ఐరన్ పెట్టగానే గదిలో కళ్లు మండుతుంటే లేచి వచ్చేయండి, అడ్వాన్స్ పోతే పోయింది. ఒక నక్షత్రం, అదీ మొదటి వారం మెరుపుకు.

మందు ఏదైనా సరే, ముందు చెవి వెనక నుంచి పెన్సిలంత పాయ తీసి దాని మీద పరీక్ష చేయమనండి. మందు పూసి, కడిగి, ఆరాక రెండు వేళ్ల మధ్య లాగితే సాగి తిరిగి రావాలి. నానిన సేమియాలా సాగి తెగితే ఆ జుట్టుకు మందు పడదు. "అంత టైం లేదు మేడం" అన్న పార్లర్‌లో ఐరనింగ్ మాత్రం చేయించుకుని రండి.